వేగంగా పెరిగేవాటికి ఇంగ్లీషులో ఏ మాట రాయాలి? 'బర్జన్'ను, దాని పర్యాయపదాలను వాడే పద్ధతి

అనంతపురంలో బ్యాంకు పరీక్షలకూ గ్రూపు పరీక్షలకూ చదువుకుంటున్నవారికి సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతుంటాను. ఏ బ్యాచి చేరినా మొదటి నెలలోనే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "సార్, బర్జన్ అంటే పెరగడం, ప్రొలిఫరేట్ అంటే పెరగడం, సోర్ అన్నా పెరగడమే, మష్రూమ్ అన్నా పెరగడమే అని గైడులో ఉంది. అన్నీ ఒకటే అయితే ఇన్ని మాటలెందుకు? ఎక్కడ ఏది రాయాలి?" నంద్యాలలో కోచింగు తీసుకుంటున్నవారూ, కడప నుంచి ఫోను చేసేవారూ ఇదే అడుగుతున్నందువల్ల, ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పే బదులు మొత్తం పద్ధతిని ఒకచోట రాస్తున్నాను.

గైడు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. తెలుగులో ధరలు ఆకాశాన్నంటాయి అంటాము, కళాశాలలు ఆకాశాన్నంటాయి అనము. కళాశాలలు పుట్టగొడుగుల్లా వెలిశాయి అంటాము. ఉల్లిగడ్డల ధర పుట్టగొడుగులా వెలిసింది అంటే వినేవాడు నవ్వుతాడు. ఈ తేడాను మీకు ఎవరూ నేర్పలేదు, ఇంట్లో మాటలు వింటూ వింటూ అబ్బింది. ఇంగ్లీషు మాటను ఎంచుకునేటప్పుడు కూడా ఆ తెలివినే పనిముట్టుగా వాడుకోవచ్చు. ముందు తెలుగు నుడికారం, తరువాత ఇంగ్లీషు మాట అన్నదే నేను తరగతిలో పాటించే వరుస.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, ఇంగ్లీషు దినపత్రిక ఒక వారానివి, విద్యార్థుల కోసం తయారుచేసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు ఒకటి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, లాంగ్‌మన్ సంస్థల విద్యార్థి నిఘంటువులు ఇంటర్నెట్టులో ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి కొనవలసిన పని లేదు. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున పది రోజులు కేటాయించండి.

ఒక హెచ్చరిక. ఫోనులోని ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును మాత్రమే నమ్ముకోకండి. అది 'బర్జన్'కు "మొలకెత్తు, వర్ధిల్లు" అని అర్థం చెప్పి ఊరుకుంటుంది. ఏ నామవాచకం పక్కన అది నిలుస్తుందో చెప్పదు. మనకు కావలసినది ఆ రెండో సంగతే.

1. ముందుగా పలకడం, రాయడం సరిచూసుకోండి

కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టరును సర్జన్ అంటాము కదా. ఆ ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరం 'ఎస్' తీసివేసి 'బి' పెట్టండి, మిగతా అక్షరాలేవీ ముట్టుకోకండి: బి, యు, ఆర్, జి, ఇ, ఓ, ఎన్. పలకడం కూడా అచ్చంగా అంతే, సర్జన్ - బర్జన్. 'బర్గియన్' అనీ 'బర్జియాన్' అనీ చదివేవారు ప్రతి బ్యాచిలో ఇద్దరు ముగ్గురు ఉంటారు, అది పొరపాటు. పాత పుస్తకాలలో 'బి' తరువాత 'ఓ' చేర్చిన రూపం ఒకటి కనిపిస్తుంది. అది తప్పు కాకపోయినా ఇప్పుడు ఎవరూ రాయడం లేదు కాబట్టి మీరూ రాయకండి. ఆ రూపాన్ని చూసి దీనికీ 'బూర్జువా'కూ చుట్టరికం ఉందనుకునేవారున్నారు. ఏ సంబంధమూ లేదు.

'సోర్' విషయంలో మరో జాగ్రత్త అవసరం. పైకి ఎగరడం అనే అర్థంలో దాని అక్షరాలు ఎస్, ఓ, ఎ, ఆర్. చివర 'ఆర్, ఇ' పెట్టి రాస్తే అది పుండు లేదా నొప్పి అవుతుంది. పలకడం ఒకటే కావడంతో, విని రాసేవారు ఇక్కడ జారిపడుతుంటారు.

2. పెరుగుతున్నది ఏ రకమో తేల్చుకోండి

నోటుపుస్తకంలో ఒక పేజీని మూడు నిలువు గడులుగా విభజించండి. మొదటి గడిలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టగలిగేవి రాయండి: బోరుబావులు, కోచింగు కేంద్రాలు, ఉగ్గాని బజ్జీ అమ్మే బండ్లు. రెండో గడిలో కొలిచి చెప్పేవి రాయండి: ధర, ఎండ, అప్పు, జలాశయంలోకి వచ్చే నీరు. మూడో గడిలో అనేక భాగాలు కలిసి ఒక ప్రాణిలా పెరిగేవి రాయండి: పరిశ్రమ, వ్యాపారం, నగరం, జనాభా, గిరాకీ, స్నేహం.

మొదటి గడిలోని వాటికి 'మష్రూమ్', 'ప్రొలిఫరేట్', 'మల్టిప్లై' నప్పుతాయి. రెండో గడికి 'సోర్', 'సర్జ్', 'స్కైరాకెట్', 'షూట్ అప్', అప్పుకూ ఖర్చుకూ ప్రత్యేకంగా 'బెలూన్'. మూడో గడికి 'బర్జన్', 'బూమ్', 'ఫ్లరిష్', 'ఎక్స్‌పాండ్'.

ఈ గడుల మధ్య గోడలు ఇటుకతో కట్టినవి కావు, కంపతో వేసిన దడి లాంటివి. ఒక చిన్న ఊరు చూస్తుండగానే పట్నమైపోతే దానికి 'మష్రూమ్' వాడిన వాక్యాలు పత్రికలలో మీకు కనిపిస్తాయి. అయినా మొదటి నెల దడి దాటకుండా ఉండండి, చేయి తిరిగిన తరువాత దాటవచ్చు.

3. తెలుగులో ఏమంటామో అనుకుని, దానికి జోడీ వెతకండి

అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి ఈ మెట్టు మీద రెండు రోజులు ఎక్కువ ఉండండి.

చిగురించడం, మొగ్గ తొడగడం: 'బర్జన్'. పాత ఫ్రెంచిలో మొగ్గకు ఉన్న పేరు నుంచే ఈ మాట పుట్టింది. చీనీ (బత్తాయి) తోట ఉన్నవారికి దీన్ని వివరించనక్కరలేదు. తోటకు కొన్నాళ్లు నీళ్లు ఆపి, చెట్లను బెట్టకు వదిలి, మళ్లీ నీరు కట్టినప్పుడు కొద్ది రోజులలోనే ప్రతి కొమ్మకూ చిగురూ పూతా కలిసి ఎలా వస్తాయో గుర్తుచేసుకోండి. పైనుంచి ఎవరో తెచ్చి అతికించినది కాదు, లోపలి సత్తువ ఒక్కసారి బయటపడడం. అందువల్లనే పరిశ్రమ, మార్కెట్టు, గిరాకీ, మధ్యతరగతి, జనాభా, ఇద్దరి మధ్య ఇష్టం వంటి వాటితో ఇది హాయిగా కలుస్తుంది. టమాటా ధరతో కలవదు, ఎందుకంటే ధరకు కొమ్మలు లేవు. క్రియగా కన్నా 'బర్జనింగ్' అనే విశేషణ రూపంలో, నామవాచకానికి ముందు నిలబెట్టి వాడడమే ఎక్కువ: 'ఎ బర్జనింగ్ మార్కెట్', 'ది బర్జనింగ్ పాపులేషన్'. 1951 జనాభా లెక్కలలో 36 కోట్లున్న మన దేశం 2011 నాటికి 121 కోట్లకు చేరింది. అటువంటి పెరుగుదలను చెప్పేటప్పుడు రెండో ప్రయోగం కనిపిస్తుంది.

తామరతంపర: 'ప్రొలిఫరేట్'. దీని వెనుక ఉన్న లాటిన్ మాటకు సంతానం అని అర్థం. ఒకటి నుంచి పది, పది నుంచి నూరు పిల్లలు పుట్టినట్టు వ్యాపించడమన్నమాట. చెరువు ఎండిన మరుసటి ఏడాది కట్ట లోపలి వైపు కంపచెట్లు ఎలా అల్లుకుంటాయో చూసిన ప్రతివారికీ ఈ మాట ఒంటబడుతుంది. వైద్యులు కణాల గురించి, దౌత్యవేత్తలు అణ్వాయుధాల గురించి ఈ మాటే వాడతారు. 1968లో సంతకాలకు పెట్టి 1970లో అమలులోకి తెచ్చిన అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం ఇంగ్లీషు పేరులో ఉన్నది 'నాన్-ప్రొలిఫరేషన్'. భారతదేశం ఆ ఒప్పందంలో చేరలేదన్నది జనరల్ నాలెడ్జి పేపరుకు కూడా పనికివస్తుంది.

పుట్టగొడుగుల్లా వెలవడం: 'మష్రూమ్'. రెండు భాషలలోనూ పోలిక ఒక్కటే కావడం మన అదృష్టం.

ఆకాశాన్నంటడం: 'సోర్', 'స్కైరాకెట్'. మొదటిది గద్ద పైకి లేచినట్టు, రెండోది దీపావళి రాకెట్టు లేచినట్టు. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు ఈ రెండు మాటలూ పత్రికల శీర్షికలలో పోటీ పడ్డాయి.

పోటెత్తడం, పొంగడం: 'సర్జ్'. ఇది నీటి మాట, అలల మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచిన రోజులను తలచుకుంటే దీని బరువు తెలుస్తుంది. పొంగినది తీస్తుంది కూడా. అందువల్ల మళ్లీ తగ్గే అవకాశమున్న పెరుగుదలకు ఇది బాగా అమరుతుంది. కరెంటు ఒక్కసారి ఎక్కువై మోటారు కాలిపోతే దానికీ ఇదే మాట.

చిలికి చిలికి గాలివాన కావడం: 'స్నోబాల్', 'ఎస్కలేట్'. మంచు చూడని మనకు దొర్లే మంచుముద్ద పోలిక దూరమే కానీ, గాలివాన సామెత ఆ లోటు తీరుస్తుంది. చిన్నగా మొదలై తన బరువుతో తానే పెరిగేదానికి 'స్నోబాల్'. తగాదా, ఉద్రిక్తత, ఖర్చు మెట్టు మెట్టుగా ముదిరితే 'ఎస్కలేట్'. కదిలే మెట్లకు పెట్టిన ఎస్కలేటర్ అనే పేరు నుంచే ఈ క్రియను తయారుచేసుకున్నారు.

మూడు పువ్వులు ఆరు కాయలు: 'ఫ్లరిష్', 'థ్రైవ్'. ఇక్కడ వేగం ముఖ్యం కాదు, కళకళలాడడం ముఖ్యం. 'ఫ్లరిష్' లోపల పువ్వు అనే లాటిన్ మాట దాగి ఉంది.

ఇబ్బడిముబ్బడి: 'మల్టిప్లై'. ఇబ్బడి అంటే రెండింతలు, ముబ్బడి అంటే మూడింతలు, గుణకారమే కదా.

మీ ప్రాంతంలో, మీ ఇంట్లో ఇంకా వేరే పలుకుబడి ఉంటే దాన్నే రాసుకోండి. నా జాబితాను బట్టీ పట్టడం కన్నా మీ అవ్వ నోట విన్న మాట పక్కన ఇంగ్లీషు మాట రాసుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

4. మెచ్చుకుంటున్నారా, విసుక్కుంటున్నారా?

ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్ల నేనే ఒకసారి పరువు పోగొట్టుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక ప్రైవేటు పాఠశాల వారు వార్షికోత్సవ నివేదికను ఇంగ్లీషులో రాసిపెట్టమన్నారు. వారి శాఖలు మూడేళ్లలో రెండు నుంచి ఏడయ్యాయి. ఆ సంగతి గొప్పగా చెప్పాలన్న ఉత్సాహంలో 'అవర్ మష్రూమింగ్ బ్రాంచెస్' అని రాశాను. వేదిక మీద దాన్ని గంభీరంగా చదివారు, చప్పట్లు కూడా కొట్టారు. కార్యక్రమం ముగిశాక, ముందు వరుసలో కూర్చున్న ఒక విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు నన్ను పక్కకు పిలిచి, "ఏం నాయనా, బడిని పొగిడినావా, తిట్టినావా?" అని అడిగారు. నాకు మొదట అర్థం కాలేదు. "పుట్టగొడుగుల్లా బళ్లు లేస్తాండాయి అని మన ఊర్లో ఎవరన్నా మెచ్చుకుంటా అంటారా?" అన్నాక తెలిసింది. ఆ వెటకారం నా మాతృభాషలోనే ఉండగా, నేను నిఘంటువులోని ఒక్క ముక్క అర్థాన్ని నమ్ముకున్నాను.

కాబట్టి పెన్సిలుతో ప్రతి మాట పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. 'ఫ్లరిష్', 'థ్రైవ్' మెప్పు మాటలు. 'బర్జన్', 'బూమ్' చాలావరకు మెప్పు వైపో, తటస్థంగానో ఉంటాయి. 'మష్రూమ్', 'ప్రొలిఫరేట్'లలో అదుపు లేదన్న అసంతృప్తి తరచుగా ధ్వనిస్తుంది. 'ఎస్కలేట్', 'బెలూన్', సుడిలా తిరుగుతూ అదుపు తప్పడాన్ని చెప్పే 'స్పైరల్' ఆందోళన మాటలు. మీ ఊరి సహకార సంఘం సభ్యత్వం పెరిగిందని దరఖాస్తులో రాసేటప్పుడు 'గ్రోన్ రాపిడ్లీ' అనండి. 'ప్రొలిఫరేటెడ్' అన్నారంటే చదివే అధికారికి ఏదో తెగులు వ్యాపించినట్టు తోస్తుంది.

5. 'పెరుగు', 'పెంచు' పరీక్ష పెట్టండి

తెలుగులో తనంతట జరిగేదానికి పెరుగు, ఇంకొకరు చేసేదానికి పెంచు అని రెండు వేరువేరు క్రియలున్నాయి. ఇంగ్లీషులో 'ఇంక్రీజ్' రెండు పనులూ చేస్తుంది. దాన్ని చూసి అన్ని మాటలూ అలాగే చేస్తాయనుకోవడం నేను దిద్దే కాగితాలలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు.

'బర్జన్', 'సోర్', 'మష్రూమ్', 'ప్రొలిఫరేట్', 'బూమ్', 'ఫ్లరిష్' పెరుగు వైపు మాటలు. వీటికి కర్మ ఉండదు. "బిందు సేద్యం రైతు ఆదాయాన్ని పెంచింది" అనే వాక్యానికి ఒక విద్యార్థి 'డ్రిప్ ఇరిగేషన్ బర్జన్డ్ ది ఫార్మర్స్ ఇన్‌కమ్' అని రాశాడు. వ్యాకరణం దృష్ట్యా ఇది "బిందు సేద్యం ఆదాయాన్ని చిగురించింది" అన్నట్టుంది. 'బూస్టెడ్' లేదా 'రెయిజ్డ్' అని ఉండాలి. 'మల్టిప్లై', 'ఎక్స్‌పాండ్', 'ఎస్కలేట్' మాత్రం రెండు వైపులా నడుస్తాయి.

కర్మ లేనప్పుడు కర్మణి ప్రయోగం కూడా కుదరదు. 'పాపులేషన్ వాజ్ బర్జన్డ్', 'ప్రైసెస్ వర్ సోర్డ్' రెండూ తప్పు. 'వాజ్', 'వర్' తీసివేస్తే రెండో వాక్యం దానంతట అదే బాగుపడుతుంది. మొదటిదానికి 'హ్యాజ్ బర్జన్డ్' అనో, విశేషణంగా మార్చి 'బర్జనింగ్ పాపులేషన్' అనో రాస్తే మరింత సహజంగా ఉంటుంది.

6. అంకెలున్న వాక్యంలో ఒకటికి రెండుసార్లు చూసుకోండి

'టు' అంటే చేరిన మెట్టు, 'బై' అంటే ఎక్కిన ఎత్తు. కిలో 40 రూపాయలున్న టమాటా 120 అయితే 'సోర్డ్ టు 120', లేదా 'సోర్డ్ బై 80'. 'సోర్డ్ బై 120' అన్నారంటే ధర 160 అయిందని అర్థం.

అదే ఉదాహరణలో ధర మూడింతలయింది. శాతంలో చెబితే పెరుగుదల 200 శాతమే, 300 కాదు, ఎందుకంటే మొదటి 40 ఎప్పటినుంచో ఉన్నదే. ఇంకొకటి చూడండి. యూపీఐ ద్వారా ఒక నెలలో జరిగిన చెల్లింపుల సంఖ్య 2019 అక్టోబరులో తొలిసారి 100 కోట్లు దాటింది, 2023 ఆగస్టులో 1,000 కోట్లు దాటింది. నాలుగేళ్లు నిండకుండానే దాదాపు పదింతలు, అంటే సుమారు 900 శాతం పెరుగుదల. ఈ లెక్క తప్పితే మాట ఎంత చక్కగా ఎంచుకున్నా వాక్యం అబద్ధమవుతుంది.

'ఎక్స్‌పొనెన్షియల్లీ' గురించి నాకొక ఫిర్యాదు ఉంది. 2020లో కోవిడ్ వార్తల తరువాత ఈ మాట ప్రతి వ్యాసంలోకీ ఎక్కింది. కొంచెం ఎక్కువ పెరిగిన ప్రతిదానికీ దాన్ని తగిలిస్తున్నారు. ప్రతి విడతలోనూ అంతే రెట్లు పెరిగితేనే ఆ మాట నిజం: 5, 10, 20, 40. ప్రతి విడతకూ అయిదే కలుస్తూ పోతే, అంటే 5, 10, 15, 20 అయితే, అది 'స్టెడీ' పెరుగుదల. మీ దగ్గర కనీసం మూడు నాలుగు అంకెలు లేకపోతే ఆ మాట జోలికి పోకండి, 'షార్ప్లీ' చాలు.

నామవాచకాల వెంట వచ్చే చిన్న మాటలను కూడా ఇక్కడే సరిచూసుకోండి. 'సర్జ్ ఇన్ ప్రైసెస్', 'బూమ్ ఇన్ కన్‌స్ట్రక్షన్', కానీ 'ప్రొలిఫరేషన్ ఆఫ్ బోర్‌వెల్స్'.

7. ఒకే చోటును తీసుకుని అన్ని మాటలూ వాడి చూడండి

విడివిడి వాక్యాలతో సాధన చేస్తే మాటలు విడివిడిగానే మిగులుతాయి. మీకు బాగా తెలిసిన ఒక ఊరిని తీసుకోండి. నేను తరగతిలో పెనుకొండను తీసుకుంటాను. అప్పటి అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న ఆ మండలంలో, ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది. ఇప్పుడు కింది నాలుగు తెలుగు వాక్యాలకు ఇంగ్లీషు రాయమంటాను.

"చుట్టుపక్కల భూముల ధరలు ఆకాశాన్నంటాయి." ధర కాబట్టి రెండో గడి: 'ల్యాండ్ ప్రైసెస్ సోర్డ్'.

"రోడ్డు పొడవునా మెస్సులూ అద్దె గదులూ పుట్టగొడుగుల్లా లేచాయి." లెక్కకు వచ్చేవి, కాస్త విసుగు కూడా ఉంది: 'మష్రూమ్డ్ అలాంగ్ ది రోడ్'. విసుగు లేకుండా చెప్పదలిస్తే 'స్ప్రంగ్ అప్' మేలు.

"విడిభాగాల పరిశ్రమ చిగురించి అల్లుకుంటోంది." మూడో గడి: 'ఎ బర్జనింగ్ ఆటో-పార్ట్స్ ఇండస్ట్రీ'.

"గదులు అద్దెకిచ్చేవారి వ్యాపారం జోరందుకుంది." 'బిజినెస్ ఈజ్ బూమింగ్'.

నాలుగింటిలోనూ 'ఇంక్రీజ్డ్' అని రాసినా ఎవరూ తప్పు పట్టరు. కానీ చదివేవారికి ధర, మెస్సు, పరిశ్రమ మూడూ ఒకే రంగులో కనిపిస్తాయి.

అదే పద్ధతిలో బోరుబావుల ఊరిని తీసుకుంటే కథ వేరే దారి పడుతుంది. బోర్లు 'ప్రొలిఫరేట్' అయ్యాయి, భూగర్భజలం 'డ్విండిల్' అయింది, అంటే తగ్గుతూ పోయింది, నీటి కోసం ఇంకా లోతుకు వేసిన కొద్దీ అప్పు 'స్నోబాల్' అయింది. మూడు క్రియలతో మన జిల్లా పల్లెల బాధ ఒక పేరాలో పడుతుంది. ఇక్కడ 'బర్జనింగ్ డెట్' అని రాసిన విద్యార్థి ఒకడున్నాడు. ఆ ప్రయోగం ఇంగ్లీషు పత్రికలలో లేకపోలేదు కానీ, అప్పుకు చిగుళ్లు పెట్టడం నా చెవికి రుచించదు. 'బెలూనింగ్' అని దిద్దాను.

ఎక్కువగా జరిగే మరికొన్ని పొరపాట్లు

వేగం మాటకు మళ్లీ వేగం తగిలించడం. 'రాపిడ్లీ స్కైరాకెటెడ్' అంటే రాకెట్టును తొందరపెట్టినట్టు. 'గ్రాడ్యువల్లీ స్కైరాకెటెడ్' అయితే ఇంకా వింత. 'స్కైరాకెట్', 'సోర్', 'మష్రూమ్' పక్కన వేగం చెప్పే క్రియావిశేషణం అవసరం లేదు.

'స్పర్ట్' వాడి ఏళ్ల తరబడి పెరుగుదలను చెప్పడం. స్పర్ట్ అంటే ఒక్క ఊపు, పిచికారీ లాంటిది. కొద్ది కాలానికే సరిపోతుంది. మన దేశంలో సౌర విద్యుత్తు స్థాపిత సామర్థ్యం 2014 మార్చి నాటికి 3 గిగావాట్ల లోపు ఉండి 2025 జనవరిలో 100 గిగావాట్లు దాటింది. కర్నూలు దగ్గర 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సౌర పార్కు కూడా ఆ ప్రయాణంలో భాగమే. పదేళ్ల ఆ ప్రయాణాన్ని 'స్పర్ట్' అనకూడదు, 'ఎక్స్‌పాన్షన్' అనాలి.

'స్పైరల్' పైకే అనుకోవడం. అది కిందికి కూడా తిరుగుతుంది, కాబట్టి ఎటో చెప్పాలి.

మనుషుల ఒడ్డూ పొడుగుకూ 'బర్జన్' వాడడం. "మా అబ్బాయి బాగా పెరిగాడు" అనడానికి 'హ్యాజ్ గ్రోన్ టాల్' సరిపోతుంది. అబ్బాయిలోని చిత్రకళ ప్రతిభకైతే 'బర్జనింగ్ టాలెంట్' నిక్షేపంగా వాడవచ్చు.

వ్యతిరేక పదాలు అడిగినప్పుడు అన్నిటికీ 'డిక్రీజ్' రాయడం. జోడీని పోలికలోనే వెతకండి. చిగురించినది వాడిపోతుంది: 'బర్జన్'కు 'విదర్', సంఖ్య తగ్గితే 'డ్విండిల్'. పైకెగిరినది కూలుతుంది: 'సోర్'కు 'ప్లమెట్'. పత్తికొండ మార్కెట్లో ధర పడిపోయి రైతులు టమాటాను రోడ్డు పక్కన పారబోసిన వార్తలు మనకు కొత్త కావు, అక్కడ సరైన మాట అదే. 'బూమ్'కు 'స్లంప్'.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

రాసిన వాక్యాలను ఆ రోజే దిద్దుకోకండి. ఒక రాత్రి గడవనిచ్చి, మరుసటి రోజు ఇంగ్లీషు వాక్యాన్ని మాత్రమే చూసి తెలుగులోకి పైకి చదవండి. "కళాశాలలు ఆకాశాన్నంటాయి" వంటిది నోట వస్తే మాట తప్పిందని మీకే తెలిసిపోతుంది. నా అనుభవంలో సగానికి పైగా తప్పులు ఈ ఒక్క వడపోతలోనే దొరుకుతాయి.

తరువాత నిఘంటువు తెరిచి అర్థం చదవడం మానేసి ఉదాహరణ వాక్యాలు మాత్రం చదవండి. మీరు వాడిన నామవాచకమో, దాని జాతికి చెందినదో అక్కడ కనిపించాలి. కనిపించకపోతే మీ రెండు మాటలనూ జంటగా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇంటర్నెట్టులో వెతకండి. పేరున్న పత్రికలలో ఆ జంట పదే పదే కనబడితే నిశ్చింతగా ఉంచుకోండి. ఎక్కడో ఒకటి రెండు చోట్ల మాత్రమే తగిలితే మార్చండి. పుటల కొద్దీ పర్యాయపదాలు గుప్పించే జాబితాలను మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి, వాటిలో వాడుక ఉండదు. కడపలో ఉన్నవారికి బ్రౌన్ గ్రంథాలయం అందుబాటులోనే ఉంది కాబట్టి, ఓపిక ఉంటే పెద్ద నిఘంటువులు అక్కడ తిరగేయవచ్చు.

వారం రోజుల పత్రికలలో వాణిజ్య పేజీ, జిల్లా పేజీ తీసి, పెరుగుదలను చెప్పే ప్రతి క్రియ కిందా గీత గీయండి. ఆ గీతలను మీ మూడు గడులతో పోల్చండి. గడికి సరిపోనివి కొన్ని దొరుకుతాయి. వాటిని వేరే పేజీలో రాసుకోండి, నేర్చుకోవలసిన అసలు సరుకు ఆ పేజీలోనే ఉంటుంది.

పరీక్ష హాలులో ఇంత తతంగానికి సమయం ఉండదు. ఖాళీకి ముందూ వెనుకా ఉన్న నామవాచకం ఏ గడిదో చూడండి, తరువాత వాక్యంలో మెప్పుందా, విసుగుందా చూడండి. నాలుగు ఐచ్ఛికాలలో రెండు అక్కడికే రాలిపోతాయి. మిగిలిన రెండింటి మధ్య పెరుగు, పెంచు పరీక్ష పెట్టండి. వ్యాసరచనలో అయితే ఎవరూ మీకు ఐచ్ఛికాలు ఇవ్వరు కాబట్టి, ఏ మాట మీదా గురి కుదరని చోట 'గ్రో రాపిడ్లీ' అని రాసి ముందుకు సాగండి. దానికి మార్కులు ఎవరూ కోయరు.